చింతపండు కుప్ప చుట్టూ సర్వసభ్య సమావేశం

మొన్న ఆదివారం ఖమ్మంలో మేముండే అపార్ట్‌మెంట్ సంఘానికి కొత్త కమిటీని ఎన్నుకున్నారు. మగవాళ్లంతా కింద పార్కింగ్‌లో గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు, ఆడవాళ్లం ఓ పక్కన ఉప్మా ప్లేట్లూ టీ కప్పులూ సర్దుతూ నిలబడ్డాం. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి పేర్లన్నీ ఖరారయ్యాక ఒక పెద్దమనిషి నా వైపు తిరిగి, వినాయక చవితి ప్రసాదాల బాధ్యత మేడమ్ గారిదని ప్రకటించి అందరి చేతా చప్పట్లు కొట్టించాడు. ముప్పై ఏళ్లకు పైగా అడవి పల్లెల్లో ఆడవాళ్ల చేత సహకార సంఘాలు పెట్టించిన మనిషిని నేను, న్యాయంగా అయితే నాకు కోపం రావాలి. కానీ గుండ్రంగా వేసిన ఆ కుర్చీల వరుస చూసేసరికి నాకు నవ్వు ఆగలేదు. టీ కప్పు చేతిలో పట్టుకుని అలా నవ్వుతూ నిలబడితే, పాపం రిటైరయ్యాక ఈవిడకు ఏదో అయిందనుకుని ఉంటారు.

నాకు గుర్తొచ్చింది వేరే కుర్చీలు. మడత పెట్టే ఇనుప కుర్చీలు, పాతిక. మన వయసు వాళ్లకు బాగా తెలిసినవే, కూర్చుంటే కిర్రుమనేవి, లేస్తే చీర కొంగును పట్టుకుని వదలనివి. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన మొట్టమొదటి ఘనకార్యం ఆ పాతిక కుర్చీలను కొత్తగూడెం నుంచి అడవిలోకి మోయించడం.

మా నాన్న కొత్తగూడెంలో బొగ్గు గని కార్మికుడు. మేం పెరిగింది గని క్వార్టర్లలోనే. నాన్నా ఆయన తోటివాళ్లూ కలిసి నడుపుకునే సహకార స్టోరు ఒకటి మా వీధి చివరనే ఉండేది. సంచీ పట్టుకుని వరుసలో నిలబడేది అమ్మ, పప్పులో రాళ్లున్నాయా, నూనెలో కల్తీ ఉందా అని ఇంటికొచ్చి చూసి గొణుక్కునేది అమ్మ, సంఘంలో సభ్యుడు మాత్రం నాన్న. స్టోరు మీటింగు ఉన్న రోజున నాన్న తెల్లచొక్కా వేసుకుని వెళ్లి, ఏం మాట్లాడారో ఇంట్లో ఒక్క ముక్క కూడా చెప్పకుండా పడుకునేవాడు. పప్పులో రాళ్ల సంగతి ఆ మీటింగులో ఎవరైనా అడిగారా అని అమ్మ ఒకసారి అడిగితే, అలాంటి చిన్న విషయాలు అక్కడ రావన్నాడు. ఆ మర్నాటి నుంచి అమ్మ వారం రోజులపాటు రాళ్లు ఏరకుండానే పప్పు వండింది. మా నాన్న పళ్లు గట్టివి కాబట్టి సరిపోయింది.

డిగ్రీ అయ్యీ కాగానే నాకు ఉద్యోగం వచ్చింది. అడవి పంటలు ఏరుకునే ఆడవాళ్ల చేత సంఘాలు పెట్టించే పని. ఆర్గనైజర్ అని పేరు పెద్దదే గానీ ఉద్యోగం తాత్కాలికం, మొదటి సంఘం నిలబడితేనే నేనూ నిలబడతాను. టేకులపల్లి దాటి అడవిలోకి ఇంకా నడిచి వెళ్లే ఒక చిన్న పల్లెను నాకు అప్పగించారు. ఆ పల్లెకు చింతచెట్లే ఆధారం. ఎండాకాలం వచ్చిందంటే ప్రతి ఇంటి ముందూ చింతకాయల కుప్పే. కాయ ఏరేది, పెంకు వలిచేది, ఈనె లాగేది, గింజ కొట్టేది, ముద్ద కట్టేది అంతా ఆడవాళ్లు. బేరం మాత్రం మగవాళ్లు మాట్లాడేవారు, అదీ ఏటేటా వచ్చే ఒకే ఒక్క వ్యాపారితో. అతను పందిట్లో కూర్చుని చుట్ట వెలిగించి, ఈ ఏడు పండు నల్లబడిందని మొహం అదోలా పెడితే చాలు, ఇటువాళ్లు తలలు ఊపేసేవారు. అంతకు ముందు ఒకసారి ఆ ఊరి మగవాళ్లతోనే సంఘం పెట్టించి చూశారట. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, ఏ పండు నిలవకు ఆగుతుందో వాళ్లకు తెలియక అది రెండో ఏడుకే పడుకుంది. అందుకని ఈసారి పండును చేత్తో పట్టే వాళ్లదే సంఘం, వాళ్లలో ఒకరే అధ్యక్షురాలు అని పైవాళ్లు నియమం పెట్టారు.

అధ్యక్షురాలి ఎన్నిక క్షణాల్లో అయిపోయింది. ఊరి పెద్దమనిషి ఇంటి పెద్దకోడలు పేరును ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో చెప్పారు. నాకంటే ఆరేడేళ్లు పెద్దది, పొడగరి, కళ్లతోనే నవ్వే మనిషి. నేను అక్కా అనేదాన్ని, తను చెల్లె అనేది. మిగిలింది ఒక్కటే. జిల్లా ఆఫీసు నుంచి ఆఫీసరు వస్తారు, ఆయన ఎదుట అధ్యక్షురాలు సభ నడిపి, సంఘం ఎందుకు పెట్టుకుంటున్నారో తన నోటితో చెప్పాలి. ఆయనకు నమ్మకం కుదిరితే రిజిస్ట్రేషన్, లేకపోతే ఆ ఏడు పండు మళ్లీ పాత వ్యాపారి గోనెల్లోకే.

సభ అంటే నాకు తెలిసింది గని క్వార్టర్ల సభలే. కుర్చీలు లేకుండా సభేమిటి? మా వీధిలో టెంటు సామాన్లు కిరాయికిచ్చే ఆయనను బతిమాలి పాతిక కుర్చీలు ట్రాక్టరు మీద ఎక్కించాను. దారంతా గతుకులే, ప్రతి గతుక్కూ పాతిక కుర్చీలూ ఒకేసారి చప్పుడు చేస్తుంటే నేను ట్రాక్టరు మడ్‌గార్డు మీద రాణీగారిలా కూర్చున్నాను. ఆ పల్లె ఆడవాళ్లను కుర్చీల్లో కూర్చోబెడుతున్నానన్న గర్వం నాకు అంతా ఇంతా కాదు.

ఆఫీసరు రానే వచ్చారు. ఆడవాళ్లు ఉతికిన చీరలు కట్టుకుని, తలల్లో పూలు పెట్టుకుని వచ్చి కంచె పక్కన నిలబడ్డారు. కూర్చోండి కూర్చోండి అని నేను చేతులు పట్టుకుని లాగినా ఒక్కరు కదిలితే ఒట్టు. ఆ ఇళ్లల్లో మామగారి ముందు, బావగారి ముందు కోడలు ఎత్తుగా కూర్చోదు, నోరు విప్పి మాట్లాడదు. ఊరంతా ఒకరికొకరు మామలూ బావలూ అయిన పల్లెలో నేను వేసిన కుర్చీలో ఇక ఏ ఆడమనిషి కూర్చుంటుంది? ఖాళీగా ఉన్నాయి కదా అని మగవాళ్లు వచ్చి కూర్చున్నారు, పాతికా నిండిపోయాయి. ఆఫీసరు అధ్యక్షురాలిని పిలిస్తే, పెద్దకోడలు కంచె గుంజ వెనకాల సగం దాక్కుని కొంగు ముందుకు లాక్కుంది. ఎదురు కుర్చీలోనే మామ. ఆఫీసరు రెండోసారి అడిగారు, మూడోసారి అడిగారు. చివరికి ఆయన జాలిగానే, ఎందుకమ్మా వీళ్లను ఇబ్బంది పెట్టడం, ఆ పెద్దాయన్నే అధ్యక్షుడిగా పెడదామని పైకి రాస్తాను, పని ఎలాగూ ఆడవాళ్లు చేసుకుంటారు అన్నారు. కుర్చీల్లో తలలన్నీ ఊగాయి. మామ ఒక్కడే అవుననలేదు, కాదనలేదు, చుట్ట కాల్చుకుంటూ అడవి వైపు చూస్తూ ఉండిపోయాడు. నేను కళ్ల నీళ్లు పెట్టుకుంటే ఆఫీసరు పదిహేను రోజులు గడువిచ్చి జీపెక్కారు.

తిరుగు దారిలో కుర్చీల చప్పుడు ఎంత వెక్కిరింతగా ఉందో చెప్పలేను.

నాలుగు రోజులు జ్వరమని ఇంట్లో ముసుగు పెట్టి పడుకుని, అయిదో రోజున సిగ్గు చంపుకుని మళ్లీ ఆ పల్లెకు వెళ్లాను. పెద్దకోడలి ఇంటి వెనక పందిరి కింద చింతపండు కుప్ప, దాని చుట్టూ పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు. రాళ్ల మీద పండు పెట్టి చిన్న కర్రలతో గింజలు కొడుతున్నారు. టకటకా శబ్దం, పుల్లటి వాసన, మధ్యమధ్య పెద్ద నవ్వులు. నేను వెళ్లి నిలబడ్డానో లేదో, పెద్దకోడలి అత్త నా చేతిలో ఒక కర్ర పెట్టింది.

"కుప్ప కాడికొచ్చి ఒట్టి చేతులతోని నిలబడొద్దు బిడ్డా. కూసో, కొట్టు."

అది వాళ్ల కట్టుబాటు. కుప్ప దగ్గరకు చుట్టమొచ్చినా, అల్లుడొచ్చినా నాలుగు గింజలు కొట్టాల్సిందే. నేనూ కూర్చుని మొదలుపెట్టాను, మొదటి దెబ్బ నా వేలి మీదే పడింది. వేలు నోట్లో పెట్టుకుని వింటూ ఉంటే మెల్లగా ఒక సంగతి నాకు అర్థమవసాగింది. గుంజ చాటున దాక్కున్న ఆ పెద్దకోడలే ఇక్కడ గలగలా మాట్లాడుతోంది. ముసలివాళ్లు వాళ్ల భాషలో ఏదో అంటే దానికి ఆ భాషలోనే జవాబు చెప్పి, నాకోసం మళ్లీ తెలుగులో చెబుతోంది. ఊళ్లో ఒక బాలింత ఈ ఏడు కాయ ఏరడానికి రాలేకపోయింది, ఆమె చెట్టు సంగతేమిటన్నది ఆ రోజు సమస్య. ఒకామె ఆ చెట్టు నాకు వదలమంటే ఇంకొకామె కాదంది. పెద్దకోడలు చేతిలో కర్ర ఆపకుండానే అందరి మాటా విని, తలా ఒక పూట ఆ చెట్టు కింద ఏరి, కాయ బాలింత ఇంట్లోనే పోయాలని తేల్చింది. నల్ల పండు ఎర్ర పండులో కలపొద్దంది. తూకం వేసేటప్పుడు ఇద్దరు దగ్గర నిలబడాలంది. ఎవరూ చెయ్యి ఎత్తలేదు, ఎవరూ తీర్మానం అనలేదు. అయినా అన్నీ తీర్మానమైపోయాయి. ఇంతకంటే సభ అంటే ఏముంటుంది? వీళ్లు ఎప్పటినుంచో సంఘం నడుపుతూనే ఉన్నారు, నేనొచ్చి చేతుల్లో పని లాగేసి, కుర్చీలు చూపించి, మాట్లాడమన్నాను.

ఆ మాటే చెప్పి, సభ ఇక్కడే పెడదాం అక్కా అన్నాను. అందరూ సరేనన్నారు గానీ పెద్దకోడలు మాత్రం తల అడ్డంగా ఊపింది.

"కుప్ప కాడైనా, కుర్చీల కాడైనా మా మామ ముందర నేనెట్ల మాట్లాడుత చెల్లె? పన్నెండేండ్లాయె ఈ ఇంటికొచ్చి, ఆయన ముందర ఒక్క మాట మాట్లాడలె. వేరేటామెను పెట్టుకోండ్రి."

వేరే ఆమెకు మాత్రం మామ లేడా? ఆ ఊళ్లో మామా బావా లేని ఆడదాన్ని నేనొక్కదాన్నే. మామగారిని రావద్దని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు, ఊరి పెద్ద లేకుండా సభేమిటని ఆఫీసరు అనేవారు కూడా. మిగిలింది పది రోజులు. నా ఉద్యోగం సంగతి అటుంచి, అంత తెలివిగల మనిషి గుంజ చాటునే ఉండిపోతుందే అన్న బాధ నన్ను తినేసింది.

గడువు రోజున ఆఫీసరు మడత నలగని తెల్ల ప్యాంటుతో దిగారు. కుర్చీలేవమ్మా అని ఆయన అడిగేలోపే అత్త గోనెపట్టా పరిచి, కూసో సారూ అని చేతిలో కర్ర పెట్టింది. ఆయన నా వైపు చూశారు. నేను చింతపండు వైపు చూశాను. చేసేదేమీ లేక ప్యాంటు మోకాళ్ల దాకా లాక్కుని కూర్చున్నారు. మగవాళ్లు దూరంగా కంచె దగ్గర గుంపుగా నిలబడ్డారు. అప్పుడొచ్చాడు మామ, నులక మంచం ఈడ్చుకుంటూ. పందిరికి నాలుగడుగుల దూరంలో మంచం వేసుకుని కూర్చున్నాడు. కర్రల చప్పుడు ఆగిపోయింది. పెద్దకోడలు కొంగు మళ్లీ ముందుకు జారింది.

ఆయన కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచాడు. మంచాన్ని మెల్లగా అటు తిప్పి, అడవి వైపు మొహం పెట్టి, మాకు వీపు చూపిస్తూ మళ్లీ కూర్చున్నాడు. చుట్ట వెలిగించుకున్నాడు. అత్త ముందుగా టకామని ఒక గింజ కొట్టింది, ఆ వెంటనే ఇరవై కర్రలు లేచాయి, ఆ చప్పుడులో పెద్దకోడలు తల వంచుకుని, పండుతో మాట్లాడుతున్నట్టుగా మొదలుపెట్టింది. సంఘం ఎందుకమ్మా అని ఆఫీసరు అడిగిన మాటకు ఆమె చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

"చెట్టు కింద వంగేది మేము సార్. కొట్టేది మేము, మోసేది మేము. బేరం కాడికొచ్చేసరికి మేము కానొస్తలేము. గందుకే సార్ సంఘం."

ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. బాలింత సంగతి చెప్పింది, తూకం సంగతి చెప్పింది, వ్యాపారి నల్లబడిందని మొహం పెట్టే పండును పోయినేడు ముద్దకట్టి కుండలో దాచానని, వానాకాలం దాటినా చెక్కుచెదరలేదని తీసి చూపించింది. ఆఫీసరు వింటూ వింటూ తనకు తెలియకుండానే గింజలు కొట్టసాగారు. మాట మధ్యలో పెద్దకోడలు ఆయన ముందున్న ముద్దను వేలితో కదిపి, సార్ ఇందుల గింజ ఉండిపోయింది, మల్ల తియ్యుండ్రి అంది. పందిరి ఎగిరిపోయేలా నవ్వారందరూ. ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి, ఆ గింజ తీశాకే ఆయన తలెత్తారు.

అధ్యక్షురాలిగా ఈమెను ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అన్నారు. చింతపండు అంటిన చేతులు, కొన్నిటిలో కర్రలతో సహా, గాలిలోకి లేచాయి. అటు మంచం మీద, వీపు మావైపే ఉండగా, ఇంకో చెయ్యి కూడా లేచింది. పెద్దాయనా, నువ్వు సభ్యుడివి కావు, నీ చెయ్యి లెక్కలోకి రాదయ్యా అన్నారు ఆఫీసరు నవ్వుతూ. ఆయన ఇటు తిరగలేదు.

"రాకుంటే రాకపాయె సార్. చెయ్యి నాది, ఎత్తిన. గింత గొంతు మా ఇంట్ల ఉన్నదని నాకు ఇయాలనే ఎరికైంది."

పెద్దకోడలు నవ్విందో ఏడ్చిందో కొంగు చాటున నాకు కనిపించలేదు. నేను మాత్రం బాహాటంగా ఏడ్చాను, నవ్వుతూ ఏడ్చాను. వేలిముద్రలు వేయించిన కాగితాలు చింతపండు జిగటకు ఒకదానికొకటి అతుక్కుపోయి, జిల్లా ఆఫీసులో వాటిని విడదీయలేక గుమాస్తా నన్ను తిట్టుకున్నాడని తర్వాత తెలిసింది. ఆ ఫైలు ఏ బీరువాలో ఉందో గానీ, చీమలు తప్పకుండా పట్టి ఉంటాయి.

సంఘం నిలబడింది, నా ఉద్యోగమూ నిలబడింది. ఆ తర్వాత ఎన్ని పల్లెలు తిరిగినా ముందుగా నేను వెతికింది ఆడవాళ్ల చేతులు ఎక్కడ పనిలో ఉన్నాయనే. బీడీలకు వాడే తునికాకు కట్టలు కట్టే చోట, విస్తళ్లు కుట్టే అరుగుల మీద, అక్కడే కూర్చుని సభలు జరిపించాను. తునికాకు కట్టడం మాత్రం నాకు రిటైరయ్యే దాకా చేతకాలేదు, నా కట్టలు విప్పి మళ్లీ కట్టుకునేవాళ్లు.

పోయిన చలికాలం పెద్దకోడలు కంటి ఆపరేషన్‌కు ఖమ్మం దవాఖానాకు వచ్చి మా ఇంట్లో వారం రోజులుంది. తల పూర్తిగా నెరిసింది, కళ్లతో నవ్వడం మాత్రం అలాగే ఉంది. మామ పోయి చాలా ఏళ్లయిందట. ఆ సభ తర్వాత ఆయన బతికున్నన్నాళ్లూ, ప్రతి సాయంత్రం గుమ్మం బయట మంచం వేసుకుని, అటు తిరిగి కూర్చుని, ఇయాల సంఘంల ఏం ముచ్చటయిందో అని ఎవరినీ పిలవకుండానే అడిగేవాడట. ఈమె లోపల పొయ్యి దగ్గర నుంచే, ఎవరికీ చెప్పనట్టుగానే అంతా చెప్పేదట. ఒక్కరోజు కూడా మామ అడగడం మానలేదని, జ్వరంలో కూడా అడిగాడని చెబుతూ, కట్టు కట్టిన కన్ను తుడుచుకోబోతే నేను చెయ్యి పట్టి ఆపాను.

ఇప్పుడామె కోడలే ఆ సంఘంలో డైరెక్టరు. కుర్చీలో కూర్చుంటుంది, మైకులో మాట్లాడుతుంది, శిక్షణలకని హైదరాబాదు వెళ్లివస్తుంది. మామ ముందర, బావ ముందర అన్న అడ్డే ఇప్పుడు లేదు, ఎవరూ మంచం తిప్పుకోవాల్సిన పనీ లేదు. అదంతా ఎంతో సంతోషంగా చెప్పిన మనిషి, ఉన్నట్టుండి ఇంటి సంగతికి వచ్చింది. కోడలు మీటింగు నుంచి ఇంటికొచ్చేసరికి కొడుకు ఫోను చూస్తుంటాడట, ఈమె టీవీ చూస్తుంటుందట, కోడలు సంచీ కొక్కేనికి తగిలించి నేరుగా పొయ్యి దగ్గరకు పోతుందట.

"గిన్నేండ్లల్ల నేనొక్కపారన్న అడగలె చెల్లె, ఇయాల ఏం ముచ్చటయింది బిడ్డా అని."

అప్పటికప్పుడు నా ఫోను తీసుకుని కోడలికి చేయించింది. మందులు వేసుకున్నావా, అన్నం తిన్నావా అని అటునుంచి ప్రశ్నలు వస్తుంటే అవన్నీ పక్కకు నెట్టి ఆ ఒక్క మాటా అడిగింది. ఆ తర్వాత అవతల మొదలైన కోడలి గొంతు ఎక్కడా ఆగలేదు, మా ఇద్దరి పళ్లేల్లో అన్నం చల్లారిపోయింది. నేను మాట్లాడించిన ఆడవాళ్లు ఎంతమందో లెక్కే లేదని ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను గానీ, ఇంటికెళ్లాక వాళ్లను ఎవరైనా అడిగారా అని నేను ఏ ఒక్కరినీ కనుక్కోలేదు.